ఈ ఏడు జుల్బీనా పచ్చబడింది

అక్టోబరు 28

కొత్త డైరీ. దాచాల్సిన పని లేదు, బల్ల మీదే వదిలేస్తాను. మా ఇంట్లో ఏ కాగితమైనా చివరిదాకా చదివేది నేనొక్కదాన్నే. అమ్మ చదువు సంతకం దాకా, అన్నయ్యది ఫుట్‌బాల్ స్కోరు దాకా. నానమ్మకు జపమాల చాలు.

నిర్ణయం తీసుకున్నాను. ఇంట్లో గంజాయి పెంచుతాను.

చట్టం మొత్తం చదివాను, అనుబంధాలతో సహా. మాల్టాలో ఒక ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు. బయటివాళ్ళకు కనబడకూడదు, పొరుగింటికి వాసన పోకూడదు. అన్నయ్య ఒప్పుకోకపోయినా మేముండే గోజో దీవికీ మాల్టా చట్టమే వర్తిస్తుంది.

ఇది నానమ్మ చేతుల కోసం. వేళ్ళు కొంకర్లు పోయి చొక్కా బొత్తాం కూడా పెట్టుకోలేకపోతోంది. దాని పువ్వులతో లేపనం చేస్తే కీళ్ళ నొప్పికి పనిచేస్తుందని చదివాను. నా కోసం కాదు. నానమ్మ చేతుల కోసం.

ఇకమీదట ఆ మాట రాయను. సన్యాసినుల బడిలో సైన్సు చెప్పే మనిషి రాయాల్సిన మాట కాదు. "ప్రాజెక్టు" అంటాను.

అక్టోబరు 30

ఈరోజు మా హెడ్మిస్ట్రెస్ సిస్టర్ బెంజామీనా తన గదికి పిలిచి కూర్చోబెట్టారు. జనవరిలో మూడు రాజుల పండగ తర్వాత నన్ను పర్మనెంట్ చేయాలా వద్దా అన్నది నిర్ణయిస్తారట. పాఠాలకు వంక లేదట. "కానీ చట్టం ఒప్పుకున్నవన్నీ ఈ బడి ఒప్పుకోదమ్మా" అన్నారు. సముద్రం ఒడ్డున ఈత దుస్తుల్లో ఫొటో దిగిన సంగీతం టీచరుతో పోయిన ఏడు అన్న మాట కూడా ఇదే. ఇప్పుడావిడ ఓడరేవు దగ్గర టికెట్లు చింపుతోంది.

ఈ ఉద్యోగం పోతే అమ్మ ఏమీ అనదు. హాల్లో మరియమాత పటం పక్కన వేలాడదీసిన నా డిగ్రీని ఒకసారి తుడిచి ఊరుకుంటుంది. అది నేను భరించలేను.

ప్రాజెక్టు వాయిదా వేయడమే మంచిది.

నవంబరు 4

ముందే ఆర్డరిచ్చిన మొక్కల టెంటు, దీపంతో సహా, వచ్చేసింది. చేతికొచ్చిన వస్తువును వాడకపోవడం శాస్త్రీయం కాదు.

నానమ్మ గది పక్కనున్న గోడ అలమరలో పెట్టాను. ఇంట్లో అంత ఖాళీ జాగా మరెక్కడా లేదు. ప్రతి నవంబరులో నానమ్మ జుల్బీనా పెంచేది అందులోనే. తడి దూది మీద గింజలు చల్లి, పళ్ళేలను అలమరలో పెట్టి తలుపు మూసేది. వెలుగు తగలకుండా పెరిగి, క్రిస్మస్ నాటికి ముసలివాళ్ళ జుట్టులా తెల్లగా జారేది ఆ గడ్డి. క్రిస్మస్‌కి మా బడిలో అమర్చే పశువులపాకలో బాలయేసు చుట్టూ పెట్టేది ఎప్పుడూ నానమ్మ జుల్బీనాయే. ఈ ఏడు చేతులు లేవడం లేదు. గింజల డబ్బా మూత కూడా తీయలేదు.

టెంటు బిగించింది అన్నయ్య. టైల్స్ పనినుంచి సున్నం బట్టలతోనే వచ్చాడు.

"ఏమే పంతులమ్మా, ఈ గుడారంలో ఎవరితో కాపురం పెడతావ్?"

"ఇది ప్రయోగం అన్నయ్యా."

"నీ డిగ్రీ వచ్చి రెండేళ్ళయింది. ఇంట్లో ఒక్క కొళాయి కారడం ఆగలేదు. ఇప్పుడు ఈ చెట్టు మొలుస్తుందంటావా?"

విషయం వాడికి చెప్పక తప్పలేదు. నవ్వీ నవ్వీ ఇనప కడ్డీ కాలి మీద వేసుకున్నాడు. ఎవరికీ చెప్పనని ఊరి పునీతుడి మీద ఒట్టేశాడు. ఊళ్ళో పోటీపడే రెండు బ్యాండు మేళాలకు చెరో పునీతుడుంటే, వాడు ఒట్టేసింది అవతలి మేళం పునీతుడి మీద.

నవంబరు 7

గింజల్ని తడి దూదిలో పెట్టాను. నాలుగు. తల ఎత్తేసరికి గుమ్మంలో నానమ్మ.

"ఏంటమ్మా అది?"

దూది. పళ్ళెం. అలమర. ఏం చెప్పను?

"జుల్బీనా, నానమ్మా."

నానమ్మ వచ్చి నా తల నిమిరింది, వంకర్లు పోయిన ఆ వేళ్ళతోనే. "నా తర్వాత ఎవరు చేస్తారా అని బెంగగా ఉండేది తల్లీ. చదువుకున్న పిల్లవి, నీకెక్కడ పడుతుందిలే అనుకున్నా" అంది. ఏడ్చింది కూడా.

దీన్ని అబద్ధం అనలేం. ఫలితం వచ్చేదాకా వివరాలు బయటపెట్టకూడదన్నది పరిశోధనలో మర్యాద.

నవంబరు 11

నాలుగూ మొలిచాయి! నాలుగూ. కుండీల్లోకి మార్చాను. దీపానికి టైమరు పెట్టాను. రోజులో చాలా భాగం వెలుగు, కొంచెం చీకటి. పుస్తకంలో ఉన్నట్టే.

అన్నయ్య వచ్చి చూసి "ఇవేనా?" అన్నాడు. 

నవంబరు 13

టెంటులో దీపం చూసి నానమ్మ కంగారు పడింది.

"ఇంత వెలుగెందుకమ్మా? వాటికి చీకటి కావాలి."

నేను కూర్చోబెట్టి కిరణజన్య సంయోగక్రియ గురించి ఓపిగ్గా చెప్పాను. బొమ్మ కూడా గీశాను. నానమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న వేయకుండా చివరిదాకా విని, "చదువంటే చదువేనమ్మా" అంది. నా తరగతిలో ఏ పిల్లా ఇంత శ్రద్ధగా వినదు.

నవంబరు 17

సాయంత్రాలు ఇంటికి వచ్చేసరికి నానమ్మ అలమర దగ్గర కుర్చీ వేసుకుని జపమాల తిప్పుకుంటూ ఉంటోంది. అక్కడ వెచ్చగా ఉంటుంది కదా. ఇది కూడా ప్రాజెక్టు వల్ల కలిగిన మేలే.

దీపం ముట్టుకుని చూశాను. పగలంతా వెలిగి కూడా చల్లగా ఉంది. మంచి సరుకు.

నవంబరు 19

తెల్లబడుతున్నాయి.

నవంబరు 20

ఇంకా.

నవంబరు 22

కారణం దొరికింది. నత్రజని లోపం. ఆకులు పాలిపోవడం, కాడ సన్నగా సాగిపోవడం, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఎరువు కొలిచి వేశాను.

నవంబరు 24

నాలుగో మొక్క చచ్చిపోయింది. ఎరువు ఎక్కువైందట. పుస్తకంలో తర్వాతి పేజీలో ఉంది.

నవంబరు 26

కారణం నత్రజని కాదు, నీళ్ళు. మా కొళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ. సీసా నీళ్ళు తెచ్చి పోశాను. అమ్మ కుందేలు కూర కలుపుతూ గరిటె అలాగే పట్టుకుని వచ్చింది.

"మొక్కలకి సీసా నీళ్ళా? మీ నాన్న జీవితంలో సీసా నీళ్ళు తాగలేదే!"

"అమ్మా, నీళ్ళ ఆమ్లత్వం..."

"ఆమ్లత్వం నాకూ ఉంది, ఛాతీలో. నాకెవరు తెస్తున్నారు సీసాలు?"

నవంబరు 29

ఒక ఆకు మీద సన్నటి నల్ల పోగు కనిపించింది. రెండో మొక్క మీద కూడా. చేత్తో తీస్తే ఉన్ని పోగులా ఉంది. పుస్తకాల్లో వెతికాను. బూజు తెగుళ్ళలో నల్లనివి చాలా రకాలున్నాయి. ఇది ఏ పుస్తకంలోనూ లేనిది. కొత్త జాతి కావచ్చు. భూతద్దం కింద పెట్టి బొమ్మ గీసుకున్నాను.

నానమ్మ నల్ల శాలువా ఏమైందని అమ్మ అడిగితే, కనబడటం లేదని విసుక్కుంది. అమ్మ వెతకబోతే మాత్రం వద్దంది. వయసు మీద పడుతోంది.

డిసెంబరు 2

బడిలో మత్తుమందుల నివారణ వారం. పదో తరగతికి పాఠం నన్నే చెప్పమన్నారు సిస్టర్. "యువతివి. నడవడిక గలదానివి. నీ మాట వింటారు." వెనకే వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు.

బోర్డు మీద ఆకు గీయాల్సి వచ్చింది. ఏడు వేళ్ళు, అంచులకు రంపపు పళ్ళు. చెయ్యి దానంతటదే గీసుకుపోయింది.

"ఎంత చక్కగా గీశావమ్మా, ఎదురుగా పెట్టుకుని చూసి గీసినట్టు!" అన్నారు సిస్టర్.

పిల్లలందరూ ఆ బొమ్మను పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. షానెల్ అనే పిల్ల పచ్చ పెన్సిలుతో రంగు కూడా వేసింది.

పాఠం బాగా వచ్చింది. విషయం మీద నాకున్న పట్టు పిల్లలకు తెలిసిపోయిందేమోనని ఒక్క క్షణం భయం వేసింది.

డిసెంబరు 8

మూడూ ఇంకా బతికే ఉన్నాయి. పొడుగ్గా, తెల్లగా, ఒకదాని మీద ఒకటి వాలిపోయి. లేపనం మాట అటుంచి, వీటినుంచి టీ కూడా రాదు. టైమరు మార్చాను. దీపం కిందికి దించాను. మట్టి మార్చాను.

నానమ్మ మాత్రం రోజూ వాటిని చూసి మురిసిపోతోంది. "ఇంత పొడుగు నా చేతిమీద ఎప్పుడూ రాలేదమ్మా. ఆకులు కూడా ఎంత బాగున్నాయో, చిన్న చిన్న చేతుల్లా."

నన్ను సంతోషపెట్టడానికి అంటోంది పాపం.

డిసెంబరు 16



బడి నుంచి వచ్చేసరికి టెంటు ఖాళీ. కుండీలున్న చోట మూడు తడి గుండ్రాలు.

"నానమ్మా, మొక్కలేవీ?"

"పంపించేశా కదమ్మా! ఇవాళేగా క్రిస్మస్ నవదిన ప్రార్థనలు మొదలయ్యేది. మీ అన్న క్లైడ్ బండిలో తీసుకెళ్ళి సిస్టర్ల చేతికి ఇచ్చొచ్చాడు. నువ్వు బడిలో చూసుకోలేదూ?"

అన్నయ్య వంటింట్లో రొట్టె మీద టమాటా రుద్దుకుంటున్నాడు. వాణ్ణి పెరట్లోకి లాక్కెళ్ళాను.

"అవేంటో నీకు తెలుసు కదరా!"

"తెలుసు."

"తెలిసి కూడా పట్టుకెళ్ళావా? బాలయేసు దగ్గరికి?"

"నానమ్మ వాటి మీద శాలువా కప్పి, ముద్దు పెట్టుకుని, నా చేతిలో పెట్టింది. 'నా మనవరాలు పెంచింది అని చెప్పు' అంది. ఆ మొహం చూసి నువ్వైతే ఏం చెప్పేదానివే?" రొట్టె కొరికాడు. "అయినా జుల్బీనా అన్నది నువ్వు. నేను కాదు."

రేపు ప్రొద్దున్నే వెళ్ళి తీసేస్తాను. ఎవరూ చూడకముందే.

డిసెంబరు 17

ఏడింటికే వెళ్ళాను. హాలు తలుపు తీసే ఉంది. పాక మొత్తం అమర్చేశారు. కాగితపు కొండలు, అద్దం ముక్కతో చెరువు, మట్టి గొర్రెలు. మధ్యలో, బాలయేసు వచ్చేదాకా ఖాళీగా ఉండే గడ్డితొట్టెకు అటొకటి, ఇటొకటి, వెనక ఒకటి. నా మూడూ. పైనుంచి రెండు పెద్ద దీపాలు.

చెయ్యి చాచాను.

"అందంగా ఉన్నాయి కదూ?" వెనక సిస్టర్ బెంజామీనా, నీళ్ళ చెంబుతో. "మీ అన్నయ్య చెప్పాడు. నువ్వే పెంచావట. పిల్లలందరి ముందూ చెబుతాను."

"సిస్టర్, ఇవి... సరిగా రాలేదు. తీసుకెళ్ళి వేరేవి తెస్తాను."

"ఫాదర్ సాల్వ్ నిన్న సాయంత్రమే దీవించేశారమ్మా. దీవించినదాన్ని కదపకూడదు."

ఆ మాట వినగానే, దేవుడా, ఒక్క క్షణం హాయిగా అనిపించింది. నా చేతిలో లేదిక. మరుక్షణం, పిల్లలందరి ముందూ నా పేరు చెబుతారన్నది గుర్తొచ్చింది.

రేపు నిజం చెప్పేస్తాను. వాళ్ళు కనుక్కునే లోపు నేనే చెబితే కొంచెం గౌరవంగా ఉంటుంది.

డిసెంబరు 18

చెప్పలేదు. ఇవాళ తల్లిదండ్రులు పాక చూడటానికి వచ్చే రోజు. వందమంది ముందు ఎలా చెబుతాను?

మొదట షానెల్ చూసింది. పాక వంక, నా వంక, మళ్ళీ పాక వంక. చెయ్యెత్తింది.

"మిస్, ఈ జుల్బీనాకి ఏడు వేళ్ళున్నాయి."

అప్పటికే వాళ్ళమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టి కిందికి లాగేసింది. ఆవిడ మొహం తెల్లగా అయిపోయింది. "నీకెలా తెలుసే?" అని అడగబోయి ఆగింది. ఆ ప్రశ్న అడగాలంటే ముందు తనకెలా తెలుసో చెప్పాలి మరి.

ఆ తర్వాత నేను స్తంభం పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను. మందుల షాపాయన వచ్చాడు, కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, "గొర్రెలు బాగున్నాయి" అన్నాడు. అవతలి మేళం అధ్యక్షుడు ముందుకు వంగి లోతుగా గాలి పీల్చి, అంతలో దగ్గు తెచ్చుకున్నాడు. పిల్లలకు మత్తుమందుల మీద ఉపన్యాసాలిచ్చే పోలీసు సార్జెంటు గ్రెక్ భార్యతో వచ్చాడు. ఆయన చూపు మొక్కల మీద ఆగింది. నా గుండె కూడా. ఆయన ఇటూ అటూ చూసి, అందరూ తననే చూస్తున్నారని గ్రహించి, టోపీ తీసి, నెమ్మదిగా సిలువ గుర్తు వేసుకున్నాడు. వెనక వరసంతా వేసుకుంది.

ఫాదర్ సాల్వ్ చాలాసేపు నిలబడి, "ఈ ఏడు జుల్బీనా... పుష్టిగా ఉంది" అన్నారు.

"అవును ఫాదర్, పుష్టిగా ఉంది" అన్నారు అందరూ. ఎన్నడూ ఇంత ఏకకంఠంగా ఎవరూ జవాబు చెప్పింది లేదు, పూజలో కూడా.

ఊరంతా గుర్తుపట్టింది. ఒక్కరూ నోరు విప్పలేదు. సిస్టర్ బెంజామీనా ఒక్కరే అమాయకంగా నీళ్ళు పోస్తున్నారు. అదే ఎక్కువ భయంగా ఉంది. ఆవిడకు తెలిసిన రోజు నా పని అయిపోయినట్టే.

డిసెంబరు 20

రేపు చెబుతాను.

డిసెంబరు 23

పచ్చబడుతున్నాయి! కాడలు నిలబడ్డాయి. కొత్త చిగుళ్ళు. పాక దీపాలను పొద్దుటి ప్రార్థనతో వెలిగిస్తారు, రాత్రి ప్రార్థనతో ఆర్పేస్తారు. ఎరువు లేదు, సీసా నీళ్ళు లేవు. నా దగ్గర ఒక్కరోజు కూడా ఇలా లేవు. ఈర్ష్య కాదు, కేవలం ఒక పరిశీలకురాలిగా రాస్తున్నాను: హాలు ఎత్తు వల్ల గాలి ప్రసరణ బాగుండవచ్చు.

ఈర్ష్యే.

డిసెంబరు 25

అర్ధరాత్రి పూజ. బాలయేసును నా మొక్కల మధ్య పడుకోబెట్టారు. సిస్టర్ సాంబ్రాణి మామూలుకన్నా ఎక్కువ వేశారు. నానమ్మ ముందు వరసలో కూర్చుని అందరికీ నన్ను చూపించింది. అందరూ నన్ను చాలా గౌరవంగా చూశారు. ఆ గౌరవం నాకు నచ్చలేదు.

జనవరి 6

మూడు రాజుల బొమ్మలు వచ్చాయి. మొక్కల ఎత్తు ఒంటె బొమ్మను దాటింది. ముందు వైపు కొమ్మలు ఎవరో కత్తిరించి సర్దారు. చాలా నైపుణ్యంగా.

రేపు నా ఉద్యోగం సంగతి తేల్చే బడి బోర్డు కూర్చుంటుంది.

జనవరి 9

సిస్టర్ పిలిచారు. ఉన్నదున్నట్టు రాస్తాను.

బల్ల మీద కాగితం బోర్లా పెట్టి ఉంది. నేను కూర్చోలేదు. దారంతా అనుకుంటూ వచ్చిన మాట ఇప్పుడు అనకపోతే ఇక అనలేను.

"సిస్టర్, పాకలో ఉన్నది జుల్బీనా కాదు."

"తలుపు వేసి రా."

వేసి వచ్చాను. 

"మా నాన్నది కూరగాయల తోట" అన్నారావిడ. "నేను గింజ చూసి మొక్క చెప్పగలను. నువ్వు బోర్డు మీద ఆకు గీసిన రోజే నాకు అనుమానం. పుస్తకం చూసి గీసినవాళ్ళు ఆకు కింద కాడ గీయరు, నువ్వు గీశావ్."

"మరి ఇన్నాళ్ళూ..."

"తీసేస్తే ఎందుకు తీశారంటారు. ఊళ్ళో అంతమంది పెద్దమనుషులు చూసి సిలువ గుర్తు వేసుకుని పోయారు. వాళ్ళందర్నీ ఇబ్బంది పెట్టడం క్రైస్తవ ధర్మమా?" కళ్ళజోడు సవరించుకున్నారు. "బోర్డులో ఎవరెవరున్నారో తెలుసుగా? ఫాదర్, మందుల షాపాయన, సార్జెంటు గారి భార్య. నీ పేరు చదివాను. ఎవరైనా అభ్యంతరం చెప్పదలిస్తే కారణం చెప్పమన్నాను. చాలాసేపు ఆగాను కూడా."

కాగితం తిప్పారు. పర్మనెంట్.

నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ ఏడవనిచ్చి, తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"చట్టం ఒక ఇంటికి ఎన్ని అంటుంది?"

"నాలుగు, సిస్టర్."

"ఈ మఠం ఒక్క ఇల్లే కదా?"

"అవును సిస్టర్."

"మరి నువ్వు మూడే పంపావ్."

"నాలుగోది... ఎరువెక్కువై చచ్చిపోయింది."

"అయ్యో" అన్నారు, నిజంగా బాధపడుతూ. తర్వాత వేలితో పైకప్పు చూపించారు. "మేడ మీద ముసలి సిస్టర్లున్నారు. ప్రార్థనకు మోకరిస్తే లేవలేరు, లేస్తే మోకరించలేరు. ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండగకి పాక తీసేశాక బయటికి కనబడకుండా ఎక్కడ పెట్టాలో చూసుకున్నాను. ఇక మీదట పాక బాధ్యత నీదే. పర్మనెంటుగా."

బయటికి వస్తుంటే వెనకనుంచి అన్నారు: "మత్తుమందుల పాఠం కూడా నీదే. బాగా చెబుతావ్."

జనవరి 10

అమ్మ ఆ కాగితాన్ని డిగ్రీ పక్కన వేలాడదీసింది. అన్నయ్య మేకు కొట్టాడు. "కొళాయి ఇంకా కారుతోంది" అన్నాడు గానీ, నవ్వుతూ అన్నాడు.

మార్చి 19

మరియమాత భర్త జోజప్పగారి పండగ. బడికి సెలవు.

సిస్టర్ ఇచ్చిన చిన్న డబ్బాలోని లేపనాన్ని నానమ్మ వారం రోజులుగా చేతులకు రాసుకుంటోంది. సన్యాసినులిచ్చారు కాబట్టి దీవించిన నూనె అనుకుంటోంది. రాసుకునే ముందు సిలువ గుర్తు కూడా వేసుకుంటోంది. నేను సరిదిద్దలేదు. లేపనమో, దీవెనో, ఎండ వచ్చినందుకో, ఇవాళ ఊరేగింపుకి బయలుదేరుతుంటే నా కోటు పై బొత్తాం తానే పెట్టింది. చాలాసేపు పట్టింది. నేను కదలకుండా నిలబడ్డాను.

బొత్తాం పెడుతూనే మొదలెట్టింది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. సిస్టర్లకి జుల్బీనా ఉంచడం తెలీదే. అంత తెల్లగా ఇచ్చి పంపిస్తే పచ్చగా చేసి కూర్చున్నారు! రెండు దీపాలెందుకు వాటికి? నేను ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు."

"నువ్వేం కష్టపడ్డావు నానమ్మా?"

"నువ్వు బడికి బయలుదేరగానే ఆ దీపం ఆర్పేదాన్ని. నువ్వొచ్చే వేళకి మళ్ళీ వెలిగించి కూర్చునేదాన్ని, నీ మనసు కష్టపడుతుందని. నువ్వు పడుకోగానే మళ్ళీ ఆర్పి, పైన నా శాలువా కప్పేదాన్ని. చదువుకున్న పిల్లవి, ఎదురు చెబితే ఏం బావుంటుంది?"

భూతద్దం కింద పెట్టి నేను గీసుకున్న కొత్త జాతి బూజు బొమ్మ ఇంకా నా బల్ల మీదే ఉంది. కింద తేదీ వేసి, నా పేరు కూడా పెట్టాను.

"వచ్చే ఏడు మాత్రం దీపం వద్దులేమ్మా" అంది నానమ్మ, కాలరు సర్దుతూ. "నీకు ఖర్చు, నాకు తిరగడం."

సరేనన్నాను. వచ్చే ఏడు రెండు అలమరలు కావాలి, ఒకటి చీకటికి, ఒకటి దీపానికి.